మొదటి రీలు

రాజాంలో, పాలకొండ రోడ్డు మీద
పదకొండేళ్లు తాళం వేసున్న గౌరీశంకర్ టాకీస్‌కి
మళ్లీ రంగేశారు.
పాత చిలకాకుపచ్చ కాదు, ఏదో గంధం రంగు.
పేరులో ‘టా’ ఒక్కటీ పాతదే.
సున్నం గీకుతుంటే బయటపడిందట,
ముద్దొచ్చి ఉంచేశారట.

జూట్ మిల్లులో బీ షిఫ్టు ఎగ్గొట్టి
నేనూ మా తోడికోడలు పారమ్మా
తొంభైలెక్కన రెండు టిక్కెట్లు కొన్నాం.
కుర్చీలకి అంకెలున్నాయి.
మన అంకె మనమే వెతుక్కోవాలట.
"రేషను లైనులాగుందేటే!" అని పారమ్మ పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.
ఈ హాలు నాకు కుర్చీల్లోంచి తెలీదు.
కుర్చీల కిందనుంచి తెలుసు.

మా అమ్మ అసిరమ్మ ఇక్కడ తుడిచేది,
రోజుకి నాలుగాటలు.
ఆట విడవడానికి పావుగంట ముందు
గేటు దగ్గర దాలయ్య నల్ల తెర పక్కకి లాగి
"రాయే గుంటా, గోడకానుకో, మాటాడకు" అనేవాడు.
ఒక్కో సినిమాలో నాకు దక్కింది ఆ పావుగంటే.

అందుకే నాకు తెలిసిన లోకంలో
అన్నదమ్ములు దొరికేవారే గాని
ఎప్పుడు తప్పిపోయారో తెలీదు.
దుర్మార్గులు అప్పటికే నెత్తురోడుతూ ఉండేవారు.
కోర్టులో అందరూ ఒక్కసారి లేచి నించునేవారు,
ఎందుకో!
‘శుభం’ పడితే దీపాలు.
దీపాలు పడితే చీపురు.

వేరుశనగ తొక్కలు, బీడీ ముక్కలు,
నలిగిన మల్లెలు, ఉమ్ము.
ఒకసారి తొక్కల్లో చంటిపిల్ల వెండిపట్టీ దొరికితే
అమ్మ దాన్ని దాలయ్య చేతిలో పెట్టేసింది.
వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు నేను.

"మొదట్లో ఏటవుతాదమ్మా?" అని అడిగానొకసారి.
చీపురు మొదలు నేలకేసి కొట్టి సర్దుకుంటూ
"మొదట్లో తుడవడానికేటుంటాదే," అంది.

ఇవాళ దీపాలు ఆరాయి.
నేను కూర్చునే ఉన్నాను.

ముందు పేర్లు.
ఒక సినిమాకి ఇంతమందా!
కూడబలుక్కుని చదివేలోపు పోతున్నాయి,
కుట్టు మాస్టరు పేరొకటి పట్టుకున్నాను.
తరవాత ఒక మేడ, మేడకి మెట్లు.
ఆ మెట్లు నాకు తెలుసు.
ఆ మెట్ల మీదే ఆఖర్న ఒకాయన
గుండె పట్టుకుని కూలిపోతాడు.
గోడకానుకుని పదిసార్లు చూశాను ఆ చావు.

ఇప్పుడు అదే మనిషి
రెండేసి మెట్లు దాటుకుంటూ ఎక్కుతున్నాడు,
జామకాయ కొరుక్కుంటూ.

జామకాయ తినేవాడని
నాకెవరూ చెప్పలేదు.

ఇంటర్వెల్లో సమోసా ధరకి పారమ్మ
అమ్మేవాడి వంశాన్నంతా దులిపింది.
నేనేం తినలేదు.
మళ్లీ చీకటి, మళ్లీ కథ.
సరిగ్గా పావుగంట ఉందనగా
నా కాళ్లు లేచి నించున్నాయి.
వాచీ లేదు, ఎవరూ పిలవలేదు.
"ఒలే, ఎక్కడికే? అసలుది ఇప్పుడే కదేటి!"

తలుపు దగ్గర, గోడకానుకుని
నీలం చొక్కా, జుట్టుకి టోపీ,
పొడుగు కర్ర చీపురుతో ఒక పిల్ల.
పూర్ణట. సంతకవిటినుంచి వస్తుందట.
తెర మీద ఆయన పడిపోతున్నాడు.
పిల్ల ముక్కు ఎగబీల్చింది.

"ఎన్నోసారి?"
"తొమ్మిదోసారమ్మా. ఈ ముక్కే.
ముందర ఆయనేటి సేసీవోడు?"

"జామకాయ తినీవోడు" అన్నాను.

దీపాలు పడ్డాయి.
జనం చెప్పులు వెతుక్కుంటున్నారు.
పిల్ల వరసల్లోకి దిగింది,
పాప్‌కార్న్ డబ్బాలు ఏరుతూ, ఒక్కో కుర్చీ మడుస్తూ.
ఆరో వరసలో వంగినదల్లా
తల ఎత్తకుండానే అడిగింది:

"ఉప్పుకారం అద్దుకునా అమ్మా,
ఉత్తదేనా?"